కూల్చేముందు ఒకసారి లోపలికెళ్లి చూడండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నై జార్జిటౌన్‌లో మా వీధి పాత బడి మూతపడి చాలా కాలమైంది. ఈమధ్య గేటుకు రేకులు కొట్టారు. శిథిలమైందంటూ కూల్చేస్తారని చుట్టుపక్కల అంటున్నారు.

పైన రావి మొలిచి గోడలోకి వేళ్లు దింపిన మాట నిజమే. కానీ అది మద్రాసు టెర్రస్: టేకు దూలాల మీద పలచని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో పూడ్చిన కప్పు. మే నెలలోనూ ఫ్యాన్ లేకుండా ఎక్కాలు అప్పజెప్పామంటే ఆ కప్పు చలవే.

వరండాకు ఒకవైపు తెలుగు సెక్షను, ఇంకోవైపు తమిళం. ఇక్కడ వేమన పద్యాలు, అక్కడ తిరుక్కురళ్. రెండూ ఒకేసారి మొదలైతే మాస్టార్ల గొంతులకు పోటీయే! మాకు వచ్చిన కురళ్లు చాలావరకు గోడ దాటి వచ్చినవే. మా అమ్మ, మేనమామలూ అక్కడే చదివారు.

శిథిలమైందన్నది సాకు. చేపాక్‌లోని కలస్ మహల్ 2012లో కాలిపోతే ప్రజాపనుల శాఖ మళ్లీ నిలబెట్టలేదా? నవాబుల మహలుకు దొరికిన ఓపిక వీధి బడికి దొరకదు కాబోలు. పాత కట్టడాలను కాపాడేందుకు రాష్ట్రంలో వారసత్వ కమిషన్ చట్టం వచ్చిందీ ఆ 2012లోనే.

సున్నపు పని తెలిసిన ఇంజినీరు చేత ముందు పరీక్ష చేయించాలి. ఐప్పసి (అక్టోబరు–నవంబరు) వానలలోపు ఆ రావిని వేళ్లతో తీయించాలి. అడ్మిషన్ రిజిస్టర్లు మిగిలి ఉంటే ఎగ్మోరులో పాత రికార్డులు దాచే రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేర్చాలి. ఏ ఊళ్ల నుంచి ఎవరి పిల్లలు ఈ పేటకు వచ్చారో చెప్పేవి అవే. భవనంలో లైబ్రరీ పెట్టినా, అంగన్‌వాడీ పెట్టినా మాకు సమ్మతమే.

– ఒక పూర్వ విద్యార్థి, జార్జిటౌన్, చెన్నై