చేపల పులుసుతో ఇంగ్లీష్ పాఠం

ఒరేయ్ అబ్బయా,

ఎట్టుండావు? ఇంట్లో అందరూ బాగున్నారా? హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకి ఇంగ్లీష్ ఎట్టా చెప్తున్నావని అడిగావు కదా, అది ఫోన్లో తేలే విషయం కాదులే అని తీరిగ్గా రాస్తున్నా.

ఈసారి టెన్సులతో మొదలుపెట్టలేదు. నెల్లూరుకి కొత్తగా వచ్చే గెస్టుల కోసం ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం చెయ్యమన్నా. ఏం తినాలి, ఏం చూడాలి, ఎట్టా పోవాలి, అంతే. గ్రామర్ ఎక్కడ అడ్డం పడితే అక్కడ చెప్తున్నా.

చేపల పులుసు పేజీ సంగతి చెప్పాలి నీకు. చింతపండు పులుసులో చేప అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను గెస్టునై కూర్చుని అడిగా: ముళ్లుంటాయా? కారం ఎంత? నాకు ఆవాలు పడవు, ఇందులో వేశారా? ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి బయటికెళ్లి వాళ్లమ్మకి ఫోన్ చేసొచ్చింది. మెంతులూ ఆవాలూ వేయించి కొట్టిన పొడి వేస్తారనీ, పుల్లమామిడి ముక్కలు పడతాయనీ, మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుందనీ ఆగి ఆగి ఇంగ్లీషులోనే చెప్పింది. ఆవాలు పడనివాళ్లు తినొద్దని తనంతట తనే చెప్పింది చూడు, ఆ మాటకి ఎంత సంతోషమేసిందో! తన మాట మీద ఒక మనిషి ఆరోగ్యం ఉందని తెలిశాక పిల్లలు మాట కోసం వెతుక్కుంటారురా.

పక్షుల పేజీ మాత్రం ఫోన్లో చూసి అంటించారు. నేలపట్టు పక్షుల కేంద్రంలో రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, గూళ్లు కడతాయని రాశారు. అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టేది గూడబాతులు, అంటే పెలికాన్లు. రాజహంసలు పులికాట్ సరస్సులో లోతులేని నీళ్లలో మేస్తాయి. మళ్లీ కనుక్కొని రాయమన్నా.

1918లోనే అమెరికాలో కిల్‌ప్యాట్రిక్ అనే ఆయన ఇట్టా పని చేయిస్తూ చదువు చెప్పే ప్రాజెక్ట్ పద్ధతి గురించి వ్యాసం రాశాడు. ఒక ఉద్దేశంతో, మనసు పెట్టి చేసే పనిలోనే చదువుందని ఆయన వాదన. నాకు అది నిజమనే అనిపిస్తోంది. కాకపోతే గుంపులో ఒకడు రాస్తాడు, మిగతావాళ్లు పేర్లు వేసుకుంటారు. అందుకని పుస్తకానికి సగం మార్కులే. మిగతా సగం ఒక్కొక్కరూ నా ఎదుట రిసెప్షన్లో నిలబడినట్టు నిలబడి ప్రశ్నలకి జవాబు చెప్తేనే. వాళ్లలో వాళ్లు తెలుగులో చర్చించుకుంటే నేను అడ్డుపడను, ఆలోచన ముందు తేలాలి కదా.

నీ నుంచి ఒక సాయం కావాలి. మీ ఫ్రంట్ ఆఫీసులో గెస్టులు నిజంగా అడిగేవి, ముఖ్యంగా ఏసీ పనిచెయ్యనప్పుడు, బిల్లు తేడా వచ్చినప్పుడు కోపంగా అనేవి, ఉన్నదున్నట్టు రాసి పంపు. వచ్చే ప్రాజెక్ట్ కంప్లయింట్ల మీదే.

నీ
అబ్బయ