హైడ్రోజన్ లెక్కలో మసినీ చేర్చాలి

సంపాదకుడికి,

హైడ్రోజన్ మండితే మిగిలేది నీరే. అందుకే దాన్ని స్వచ్ఛ ఇంధనం అంటున్నారు. కానీ అది తయారయ్యే చోట ఏం మిగులుతుందో కూడా ప్రజలకు చెప్పాలి. నేడు ఎక్కువ భాగం సహజవాయువు నుంచే వస్తోంది. కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కేంద్రం 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించి, ఆగస్టులో ‘హరిత’ హైడ్రోజన్ అనిపించుకోవాలంటే కిలోకు 2 కిలోలు మించకూడదని పరిమితి విధించింది. మంచి నిర్ణయం. అయితే ఆ పరిమితి హరితగృహ వాయువులకే. మసి వాయువు కాదు, ఘన కణం. ఆ లెక్కలోకి రాదు.

మిర్యాలగూడ వాళ్లం దీన్ని పట్టించుకోవాలి. ఊక, పంట వ్యర్థాల వంటి జీవద్రవ్యం (బయోమాస్) నుంచి తీసే హైడ్రోజన్‌కూ హరిత గుర్తింపు దక్కుతుంది. ఉప్పుడు బియ్యం మిల్లులున్న మన ప్రాంతంలో ఊకకు కొదవ లేదు. అలాంటి పరిశ్రమ ఇక్కడికి రావాలనే నా కోరిక. కానీ హైడ్రోజన్ కోసం ఊకను గ్యాసుగా మార్చేటప్పుడు ఆక్సిజన్ తక్కువగా ఇస్తారు. సగం కాలిన అణువులు వలయాలుగా అల్లుకుని, ముద్దకట్టి మసి అవుతాయి. దీపం మీద మూకుడు బోర్లించి కాటుక పట్టేది ఇలాగే. ఒత్తిడి పెంచితే సమస్య ముదురుతుంది: మీథేన్ మంటలపై జరిగిన ప్రయోగాల్లో, ఒక మోస్తరు ఒత్తిడి వరకు, అది రెట్టింపైతే మంటలో మసి సాంద్రత దాదాపు నాలుగింతలైంది. పరిశ్రమల్లోనేమో గ్యాసును అధిక ఒత్తిడిలో తయారు చేయడమే లాభసాటి.

ఇప్పుడు మన మేడల మీద రాలుతున్న నల్లటి రేణువుల్లో కాలిన ఊక పొట్టే ఎక్కువ. అది కనిపిస్తుంది, ఊడ్చేస్తాం. అసలు మసి కణాలు కంటికి ఆనవు, ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరతాయి. ఆ కనిపించని దాని గురించే నా భయం.

మసిని పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. మీథేన్‌ను గాలి తగలకుండా వేడితో విడగొడితే కిలో హైడ్రోజన్‌తో పాటు మూడు కిలోల ఘన కార్బన్ చేతికి వస్తుంది. టైర్లలో వాడే నల్లపొడి కూడా కార్బనే. ఊక గ్యాసును కడిగి, వడగట్టే పరికరాలూ ఉన్నాయి. వాటికయ్యే ఖర్చును మొదటి అంచనాలోనే చూపించాలి.

హైడ్రోజన్ పరిశ్రమకు భూమి, రాయితీ ఇచ్చే ముందు కాలుష్య నియంత్రణ మండలి ఒక సంఖ్య అడగాలి: కిలో హైడ్రోజన్‌కు ఎన్ని గ్రాముల మసి, ఎంత ఒత్తిడి వద్ద? మన ఊకతోనే ఆ పరీక్షలు చేసే పని నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి అప్పగించవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టే నివేదికలో ఆ సంఖ్య తెలుగులో, మొదటి పేజీలోనే ఉండాలి.

— విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా