గదుల్కాకి ఒక్క శ్రుతేనా? బల్గేరియా సాంస్కృతిక మంత్రికి బహిరంగ లేఖ

మంత్రిగారూ,

మీ ఊళ్ల ఫిడేలు గురించి తెలుగులో ఉత్తరమేమిటని అనుకోకండి, చదివి చెప్పేవాళ్లు దొరక్కపోరు. ముందు మావాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. ఆ ఫిడేలు పేరే గదుల్కా. దాన్ని ఒకే చెక్కదిమ్మను తొలిచి చేస్తారు, భుజానికి కాకుండా నిలువుగా పట్టుకుంటారు, నిలబడి వాయిస్తే నడుం పట్టీకి ఆనిస్తారు. తీగని కిందికి నొక్కరు, సారంగిలోలాగా గోటితో పక్కనుంచి తాకుతారు.

ఇది ప్రాంతానికో రకంగా ఉండేది. ఈశాన్యంలో దొబ్రుజా వాళ్లది చిన్నది, మూడే తీగలు, మోత కాస్త గరుకు. దక్షిణాన థ్రేస్‌లో పెద్దది, అసలు తీగల కింద వాటంతటవే మోగే తీగలు ఇంకొన్ని. పల్లె వాయిద్యగాడు పాట లాగుతూనే పక్క తీగని కూడా కమానుతో రాస్తూ ఉంటాడు, ఆ హోరు మీదే పాట నడుస్తుంది, ఆడేవాళ్ల కాళ్లు నొప్పెట్టేదాకా అలా సాగుతుంది.

1951లో స్వరకర్త ఫిలిప్ కుతెవ్ ప్రభుత్వ జానపద బృందం పెట్టాక లెక్క మారింది. అంతమంది కలిసి నొటేషన్ చూసి వాయించాలంటే అందరిదీ ఒకే శ్రుతి కావాలి కదా, అలా థ్రేస్ వాద్యం, దాని లా-మి-లా శ్రుతి (మూడు అసలు తీగలకీ వరసగా ఆ స్వరాలు) ప్రామాణికమైపోయాయి. ఆర్కెస్ట్రాకి మంద్ర స్వరాలు కావాలని బాస్ గదుల్కాలు కూడా చేయించారు (పల్లెల్లో అలాంటిది ఎవరడిగారు?). రేడియో రికార్డింగ్‌లో నాట్యపు పాట కొద్ది నిమిషాల్లోనే ముగిసిపోవాలి. 1967లో కోతెల్‌లో, తర్వాత షిరోకా లాకాలో జానపద సంగీత బడులు వచ్చాయి, వయొలిన్ పాఠాల పద్ధతీ వాటితోపాటే వచ్చింది.

అదంతా చెడిందనడం లేదు. ఏడు, పదకొండు మాత్రల నాట్యాలని ఇప్పటి ప్రొఫెషనల్స్ వాయించే వేగం వింటే మతిపోతుంది. అన్నిటికన్నా, వాయించడం మగాళ్ల పనిగా ఉన్న చోట అమ్మాయిల చేతికి కమాను ఇచ్చింది ఆ బడులే, దీన్ని ఎవరూ కాదనలేరు.

నా గొడవల్లా ఒకటే. బృందంలో ఉన్నది కళ, ఊళ్లో ఉన్నది ఔత్సాహికుల సరదా అన్న గీత మీ ప్రభుత్వాలే గీశాయి. 1965 నుంచి కోప్రివ్‌ష్తిత్సా అనే ఊళ్లో ఊరివాళ్లకి ఉత్సవం జరుపుతున్నారు, 2016లో యునెస్కో కూడా మెచ్చుకుంది, సంతోషం. కానీ అది దాదాపు ఐదేళ్లకోసారి వచ్చే పండగ. దొబ్రుజా పిల్లాడు రోజూ నేర్చుకునేది ఏ చేతివాటం? తాతల చిన్న గదుల్కాకి పరీక్షలో మార్కులు పడాలి, ఒక్క ప్రాంతపు పాత శ్రుతినైనా ప్రతి విద్యార్థీ వాయించి చూపాలి. రేడియో దగ్గరా, మీ సైన్సు అకాడమీ కళాధ్యయన సంస్థ దగ్గరా ఉన్న పాత రికార్డింగులు డబ్బు కట్టకుండా ఎవరైనా వినేలా పెట్టించండి. పల్లెల్లో ఇంకా వాయిస్తున్న పెద్దవాళ్లని బడికి పిలిచి జీతమిచ్చి నేర్పించమనండి, అప్పుడు మాత్రం డిప్లొమా అడక్కండి.