బడి ముందు లాన్ సగం ఎందుకు తగ్గింది?

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచినప్పటి నుంచి గేటు దగ్గర చాలామంది అడుగుతున్నారు, "మేడమ్, లాన్ అలా వదిలేశారేంటి?" అని. వదిలేయలేదు, తగ్గించాం.

వేసవి సెలవుల్లో పెట్రోలు బ్రష్ కట్టర్ మానేసి, చేత్తో తోసే గడ్డికోత యంత్రం కొన్నాం. బ్రష్ కట్టర్ మోతకు పక్క క్లాసులో పాఠం ఆగిపోయేది. అది ఎగరేసే రాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొత్తదానికి ఇంజిను లేదు. తోస్తే చక్రాలు, వాటితోపాటు మెలితిప్పిన బ్లేడ్లు తిరుగుతాయి. కింద కదలని పట్టీకి ఆనించి గడ్డిని కత్తెరలా కోస్తాయి. 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ దీన్ని తయారుచేశాడు. మిల్లులో ఉన్నిబట్ట మీద నూగు కత్తిరించే యంత్రమే ఆయనకు ఆధారం. మా ఫిజిక్స్ టీచరైతే పళ్లచక్రాల పాఠం ఇక లాన్‌లోనే చెబుతానంటున్నారు.

దీనితో పేచీ ఒకటే. గడ్డి ఎదిగిపోతే కోయదు, పొడవాటి కాడలను వంచేసి ముందుకు పోతుంది. తడిగా ఉంటే బ్లేడ్లకు చుట్టుకుంటుంది. ఒక్క కోతలో గడ్డి ఎత్తులో మూడోవంతుకు మించి తీయకూడదు కాబట్టి వానాకాలంలో వారం దాటనివ్వకూడదు. మన తోటమాలి అర ఎకరం లాన్‌నూ ఒకసారి తోసి చూసి, "ఇంత గడ్డి ఎవరికమ్మా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పిల్లలు ఆడేది మట్టి గ్రౌండులో. లాన్ మీదికి వెళ్తే మేమే కేకలేస్తాం!

అసలక్కడ లాన్ వచ్చిందే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు చెట్లు కూలిపోయాక, ఖాళీ కనబడకుండా. అర ఎకరం అంటే సుమారు రెండు వేల చదరపు మీటర్లు. ఒక్కసారి 5 మిల్లీమీటర్ల లోతున తడపాలన్నా 10,000 లీటర్లు కావాలి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. విశాఖ ఎండల్లో ఆ నీళ్లు గడ్డికి పోయడం నాకు మనసొప్పలేదు.

అందుకని ప్రార్థన జరిగే మేర లాన్ ఉంచాం. మిగతా చోట ఈ వానలకు వేప, కానుగ, నేరేడు, పొన్న నాటుతున్నాం. తురాయి అడిగారు కొందరు. పూలు బాగుంటాయి, నిజమే, కానీ కొమ్మలు పెళుసు, గాలికి విరుగుతాయి. అందుకే వద్దనుకున్నాం. ఒక మూల గరికను కోయకుండా ఉంచమన్నాను, చవితి పత్రికి పనికొస్తుంది.

పాముల భయం సబబే. గోడల వెంట, నడిచే దారుల వెంట రెండు మీటర్ల మేర ఎప్పుడూ పొట్టిగా కోసి ఉంచుతారు. చెట్ల భాగంలోకి పిల్లలు టీచరు లేకుండా వెళ్లరు.

ఫీజులు కట్టించుకుని పిల్లలతో గడ్డి కోయిస్తారా అని ఒక తండ్రిగారు అడిగారు. లేదు. కోత తోటమాలి పనే. తొమ్మిది, పది తరగతుల వాళ్లు ఇష్టముంటే శనివారం టీచరు ఎదుట కాసేపు తోసి చూడొచ్చు. బూట్లు తప్పనిసరి. ఇంజిను లేదు కదా అని బ్లేడ్ల మధ్య చెయ్యి పెట్టకూడదు, చక్రం కాస్త కదిలినా వేలు తెగుతుంది. ఇరుక్కున్న గడ్డిని తోటమాలే తీస్తాడు.

అనుమతి పత్రం డైరీలో అంటించాం. సంతకం చేసి శుక్రవారంలోగా క్లాస్ టీచరుకు పంపండి. ఇంట్లో నేరేడు, కానుగ మొక్కలు అదనంగా ఉంటే ఆఫీసులో ఇవ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు