ఓడిన పార్టీకి నాయకుణ్ణి ఎన్నుకునేది ఎవరు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఒక పెద్ద పార్టీ ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోగానే పత్రికలన్నీ తర్వాతి నాయకుడు ఎవరన్న ప్రశ్న పట్టుకుంటాయి. ఎవరు ఎంత బాగా మాట్లాడతారు, ఎవరు ఎంత కుడివైపు ఉన్నారు, ఎవరి వెనక ఎవరున్నారు... వారాల తరబడి ఇదే చర్చ. ఆ నాయకుణ్ణి ఎన్నుకునే ఓటు ఎవరి చేతిలో ఉందన్న సంగతి మాత్రం లోపలి పేజీలో ఒక పేరాతో సరిపెట్టేస్తారు. నా దృష్టిలో అసలు కథంతా అక్కడే ఉంది. బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీ చరిత్ర చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

2019లో 365 సీట్లు గెలిచిన ఆ పార్టీ 2024 జులై 4న 121కి పడిపోయింది. ఓట్ల లెక్క ఇంకా ఘోరం. 2019లో దాదాపు కోటీ 40 లక్షలు వస్తే, 2024లో వచ్చినవి 68 లక్షల పైచిలుకే. ఐదేళ్లలో 70 లక్షలకు పైగా ఓట్లు పోయాయి. పోయినవాళ్లంతా ఒకే దారి పట్టలేదు. కొందరు నైజెల్ ఫరాజ్ నడిపే రిఫార్మ్ పార్టీకి వేశారు, కొందరు లేబర్‌కి, కొందరు లిబరల్ డెమోక్రాట్లకి. ఓటే వేయకుండా ఇంట్లో కూర్చున్నవాళ్లకీ కొదవ లేదు. అదే ఏడాది నవంబర్ 2న కెమీ బేడెనాక్ 53,806 ఓట్లతో రాబర్ట్ జెన్రిక్ మీద గెలిచి పార్టీ నాయకురాలయ్యారు. జెన్రిక్‌కి 41,388 వచ్చాయి. అంటే మొత్తం ఓటేసింది 95 వేల పైచిలుకు మంది. వాళ్లంతా చందా కట్టిన సభ్యులు, ఇంత జరిగినా పార్టీని అంటిపెట్టుకుని ఉన్నవాళ్లు. అంగడికి రావడం మానేసినవాళ్లు ఎందుకు మానేశారో, ఇంకా వస్తున్నవాళ్లని అడిగితే ఏం తెలుస్తుంది?

సభ్యుల కంటే ముందు వడపోత ఎంపీల చేతిలో ఉంటుంది. వాళ్లు రౌండ్ల వారీగా ఓటేసి, ఆఖరున నిలిచినవాళ్లని తప్పిస్తూ, మిగిలిన ఇద్దర్ని సభ్యుల ముందుకి పంపుతారు. 2024లో ఆఖరి రెండు రోజుల ముచ్చట చెప్పుకోవాల్సిందే. అక్టోబర్ 8 నాటి రౌండులో జేమ్స్ క్లెవర్లీకి 39 ఓట్లు వచ్చాయి, ఆయనదే మొదటి స్థానం. జెన్రిక్‌కి 31, బేడెనాక్‌కి 30. ఇరవై ఓట్లతో ఆఖరున నిలిచిన టామ్ టుగెన్‌హాట్ తప్పుకున్నారు. ఆ ఇరవైలో సగం వచ్చినా క్లెవర్లీకి ఢోకా లేదనుకున్నారంతా. మర్నాడు లెక్క చూస్తే బేడెనాక్ 42, జెన్రిక్ 41, క్లెవర్లీ 37. పెరగాల్సింది పోయి రెండు తగ్గాయి! విన్నవాళ్లు నోరెళ్లబెట్టారు. మనవాడు ఎలాగూ గెలుస్తాడు, ఆఖరి పోటీలో ఎదురుగా ఎవరుంటే సులువో చూసుకుందామని ఆయన మనుషులే ఓట్లు అటూ ఇటూ మళ్లించారని అప్పట్లో గట్టిగా వినిపించింది. రహస్య బ్యాలెట్ కాబట్టి ఎవరేం చేశారో తేలదు. పార్టీ చరిత్రలోనే ఇంత దారుణమైన ఓటమి జరిగి మూడు నెలలైంది. అయినా ఎంపీలు ఆడుతున్నది పాత ఆటే.

ఆ వడపోతలో ఓటు లేనివాళ్లు ఎవరో కూడా చూడండి. 2022లో నాయకత్వానికి పోటీ పడి మూడో స్థానంలో నిలిచిన పెన్నీ మోర్డంట్ 2024లో తన సీటు పోగొట్టుకున్నారు. సీటు లేదు కాబట్టి ఆమె పోటీకీ పనికిరారు, ఎంపీల రౌండ్లలో ఓటుకీ పనికిరారు. ఆమెలాగా ఓడిపోయిన అభ్యర్థులు అయిదు వందలకు పైనే. గడప గడపకూ తిరిగి, తలుపు తీసిన మనిషి ముఖం చూసి, 'ఈసారి మీకు వేయం' అన్న మాట చెవులారా విన్నది వాళ్లే. గెలిచిన 121 మందిలో చాలామందివి పార్టీకి ముందునుంచీ పట్టున్న సీట్లు. ఓటమి రుచి బాగా తెలిసినవాళ్లు బయటా, అంతగా తెలియనివాళ్లు లోపలా ఉండి నాయకుణ్ణి వెతుకుతున్నారన్నమాట.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1997లో ఆ పార్టీ 165 సీట్లకు పడిపోయినప్పుడు, కాబోయే నాయకుడని అందరూ అనుకున్న మైఖేల్ పోర్టిలో తన సీట్లోనే ఓడిపోయి పోటీకి దూరమయ్యారు. ఎంపీలు 36 ఏళ్ల విలియం హేగ్‌ని ఎన్నుకున్నారు. నాలుగేళ్లు కష్టపడితే 2001లో పెరిగింది ఒక్క సీటు. ఈలోగా ఉప ఎన్నికలో గెలిచి తిరిగొచ్చిన పోర్టిలో, పార్టీ తన తీరు మార్చుకోవాలని చెబుతూ బరిలో దిగారు. ఎంపీల ఆఖరి రౌండులో కెన్నెత్ క్లార్క్‌కి 59, ఇయన్ డంకన్ స్మిత్‌కి 54, పోర్టిలోకి 53. ఒక్క ఓటు! సభ్యులకి మిగిలిన ఇద్దరిలో వాళ్లు డంకన్ స్మిత్‌ని భారీ ఆధిక్యంతో గెలిపించారు. రెండేళ్లు దాటాయో లేదో, 2003 అక్టోబర్‌లో, ఎంపీలే ఆయన మీద అవిశ్వాసం పెట్టి 90-75 తేడాతో దించేశారు. ఆయన్ని నాయకుడిగా పెట్టుకుని పార్టీ ఒక్క సాధారణ ఎన్నికకైనా వెళ్లలేదు.

అలాగని సభ్యులకి ఓటు తీసేసి సీల్డ్ కవర్లో పేరు పంపమని నేననడం లేదు. 2005లో వరసగా మూడోసారి ఓడాక అప్పటి నాయకుడు మైఖేల్ హవార్డ్ వెంటనే కుర్చీ దిగలేదు, డిసెంబర్ దాకా ఉన్నారు. సభ్యుల ఓటు హక్కు తీసేయాలని చూశారు కూడా, అది నెగ్గలేదు. ఆ శరదృతువులో బ్లాక్‌పూల్ మహాసభలో పోటీదారులంతా వరసగా మాట్లాడారు. ముందంజలో ఉన్న డేవిడ్ డేవిస్ ప్రసంగం చప్పగా సాగింది. డేవిడ్ కామెరాన్ కాగితం చేతపట్టకుండా వేదిక మీద తిరుగుతూ మాట్లాడారు. చివరికి అదే సభ్యులు, డంకన్ స్మిత్‌ని ఎన్నుకున్న సభ్యులే, కామెరాన్‌కి 1,34,446 ఓట్లు వేశారు, డేవిస్‌కి 64,398. ఐదేళ్లకి ఆయన ప్రధాని అయ్యారు. కాబట్టి సభ్యులకి బుద్ధి లేదనడం తప్పు. వాళ్ల ముందుకి ఎవరిని పంపారు, ఆలోచించుకోవడానికి ఎంత టైమిచ్చారు, అంతకుముందు ఎన్ని దెబ్బలు తగిలాయి, వీటన్నిటినీ బట్టి ఉంటుంది.

కుడికి జరగొద్దు, మధ్యలోకి రమ్మని నేను చెబుతున్నానని కూడా అనుకోవద్దు. 1974లో రెండుసార్లు ఓడిన అప్పటి నాయకుడు ఎడ్వర్డ్ హీత్‌ని మరుసటి ఏడాది నాయకత్వ పోటీ తొలి రౌండులోనే 130-119తో వెనక్కి నెట్టిన మార్గరెట్ థాచర్ పార్టీని కుడికే తీసుకెళ్లారు, 1979లో గెలిచారు. ఎటు జరగాలన్నది వాళ్ల ఇష్టం. పోయిన ఓటరు ఎటు పోయాడో తెలుసుకుని జరిగితే బాగుంటుంది.

నాకు తోచింది ఇది. నామినేషన్లు తీసుకునే ముందు ఓటమి మీద ఒక నివేదిక తయారు చేసి, దాన్ని అందరూ చదివేలా బయటపెట్టాలి. ఓడిన అభ్యర్థులకీ ఎంపీల రౌండ్లలో ఓటు ఇవ్వాలి. అయిదు వందల మంది కొత్తగా వచ్చి చేరితే, ఇరవై ముప్పై మంది కూడబలుక్కుని ఫలితం తారుమారు చేయడం అంత తేలిక కాదు. సభ్యుల ముందుకి ఇద్దరికి బదులు ముగ్గుర్ని పంపి, ప్రాధాన్య క్రమంలో ఓటు వేయమనాలి. అలా ఉంటే 2001లో పోర్టిలో, 2024లో క్లెవర్లీ కనీసం సభ్యుల దాకా వెళ్లేవారు. గెలిచేవారో లేదో వేరే సంగతి.

ఇంకో అడుగు ముందుకేసి మామూలు ఓటర్లనే అడగొచ్చు కదా అనేవాళ్లున్నారు. 2009లో టోట్నెస్ నియోజకవర్గంలో ఆ పార్టీ ఈ పని చేసింది. ఎంపీ అభ్యర్థిని ఎంచుకోవడానికి ఏ పార్టీవాళ్లని చూడకుండా ఓటర్లందరికీ పోస్టులో బ్యాలెట్లు పంపింది. దాదాపు నాలుగో వంతు మంది నింపి తిప్పి పంపారు. సారా వొలాస్టన్ అనే డాక్టర్ నెగ్గి, మరుసటి ఏడాది ఎంపీ కూడా అయ్యారు. 2019లో బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) గొడవలో ఆమె పార్టీ వదిలి వెళ్లిపోయారు. చూశారా, బయటివాళ్లని అడిగితే ఇంతే అని పార్టీ పెద్దలు అనొచ్చు. కానీ ఆ ఏడాది పార్టీకి దూరమైన ఎంపీల్లో మిగతావాళ్లెవరూ ఇలా ఓటర్లందరికీ బ్యాలెట్లు పంపి ఎంచుకున్నవాళ్లు కారు.

ఇట్లు,
మీ పాఠకుడు