ఏఆర్‌టీ కేంద్రం పక్కనే వైద్య కళాశాల

సంపాదకుడు గారికి,

హెచ్‌ఐవీ మందులు మధ్యలో మానేసేవారికి ఫోన్‌లో మెసేజ్‌లు పంపితే చాలన్న సలహా తరచూ వింటుంటాం. కెన్యాలో 538 మందిపై జరిగిన పరిశోధన 2010లో అచ్చయింది. వారం వారం మెసేజ్ అందుకున్నవారిలో 57 శాతం మందికి, అందుకోనివారిలో 48 శాతం మందికి వైరస్ అదుపులోకి వచ్చింది. దక్షిణ భారతంలో 631 మందితో ఇలాంటి ప్రయత్నమే చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. తేడా ఏమీ కనబడలేదు. కెన్యాలో మెసేజ్‌కు జవాబుగా ఇబ్బందుందని చెప్పినవారికీ, రెండు రోజుల్లో జవాబివ్వనివారికీ ఆరోగ్య కార్యకర్తే ఫోన్ చేసి మాట్లాడేవారు. దక్షిణ భారతంలో ఫోన్‌లో మోగింది రికార్డు చేసిన గొంతు. కిటుకు అక్కడే ఉందని మా అనుమానం. అనుమానాలతో కార్యక్రమం నడపలేం కాబట్టి, మన జిల్లాలో ఏది పనిచేస్తుందో ఏఆర్‌టీ కేంద్రాలు (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాలు), వైద్య కళాశాలలు కలిసి ఇక్కడే తేల్చుకోవాలి.

2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు దాదాపు 3.2 లక్షలు, మహారాష్ట్ర తర్వాత స్థానం మనదే. విశాఖ, కాకినాడ, గుంటూరు, కర్నూలు ఏఆర్‌టీ కేంద్రాలు బోధనాసుపత్రుల్లోనే ఉన్నాయి. సామాజిక వైద్య విభాగంలో ప్రతి పీజీ విద్యార్థీ థీసిస్ రాయాల్సిందే. క్షయ కార్యక్రమం ఇలాంటి థీసిస్‌లకు చిన్న గ్రాంట్లిచ్చి కళాశాలలను కలుపుకుంది. హెచ్‌ఐవీకీ అదే దారి చాలు. అనంతపురం ప్రాంతంలోని బత్తలపల్లి ఆసుపత్రి వైద్యులు తమ రోగుల రికార్డుల ఆధారంగానే అంతర్జాతీయ పత్రికల్లో ఎన్నో వ్యాసాలు రాశారు. పెద్ద ప్రయోగశాలతో పని లేదు, ముందు ప్రశ్న సరిగా ఉండాలి.

విద్యార్థులు తేల్చాల్సిన మొదటి ప్రశ్న: మందులకు రానివారు ఏమయ్యారు? రిజిస్టర్లో ‘రావడం లేదు’ అని ఉన్నవారంతా మందులు మానేసినవారు కారు. కొందరు చనిపోయి ఉంటారు. కొందరు పనికి హైదరాబాదో బెంగళూరో వెళ్లి, ట్రాన్స్‌ఫర్ కాగితం అడగకుండానే అక్కడ కొత్తగా పేరు రాయించుకుని ఉంటారు. జాబితాలో 400 పేర్లుంటే ప్రతి నాలుగో పేరు తీసి, ఆ వందమందినీ గట్టిగా వెతకాలి. అందరినీ పైపైన వెతికితే సులువుగా దొరికేవారే దొరుకుతారు, లెక్క తప్పుతుంది. వందలో 30 మంది చనిపోయారని తేలితే అసలు సంఖ్య 21 నుంచి 39 శాతం మధ్య ఉంటుందనుకోవచ్చు. ఏం చేయాలో నిర్ణయించుకోవడానికి అంతమాత్రం చాలు.

ఫోన్ చేయడంలోనే పని చెడేది. కార్డులోని నంబరు పక్కింటివాళ్లది కావచ్చు, అవతల ఫోన్ ఎత్తింది అత్తగారు కావచ్చు. మనిషెవరో తేలేదాకా ఆసుపత్రి మాటే ఎత్తకూడదు. కూలిపనికి వెళ్లేవారికి ఉదయం ఏడింటిలోపో రాత్రి ఏడు దాటాకో చేయాలి. ఒక్కో నంబరుకు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. ఇంటికి వెళ్లడం మాత్రం ముందే సమ్మతి ఇచ్చినవారి దగ్గరికే, అదీ పాజిటివ్ నెట్‌వర్క్ (హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘం) సభ్యుల తోడుతో, మెడలో ఐడీ కార్డు లేకుండా. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం పరిశోధనకు వ్యక్తి సమ్మతి తప్పనిసరి. పేర్లు, నంబర్లున్న జాబితా ఏఆర్‌టీ వైద్యాధికారి దగ్గరే ఉండాలి, విద్యార్థి పెన్‌డ్రైవ్‌లోకి పోకూడదు.

రెండో ప్రశ్న: వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) ఫలితం రోగికి ఎన్నాళ్లకు తెలుస్తోంది? దీనికి మూడు తేదీలు చాలు: రక్తం తీసిన రోజు, రిపోర్టు వచ్చిన రోజు, ఆ మాట రోగికి చెప్పిన రోజు. మూడోదాన్ని రాసేవారు తక్కువ. మిల్లీలీటరు రక్తంలో వైరస్ వెయ్యి కాపీలు దాటినవారికి కౌన్సెలింగ్ ఆలస్యమయ్యేది అక్కడే.

ఇలాంటి పొత్తులు ఎందుకు చెడతాయో కూడా చెప్పాలి. అనుమతి కాగితం అటూ ఇటూ తిరిగేసరికి విద్యార్థి గడువు సగం అయిపోతుంది. ప్రశ్న ఎంచుకునేది గైడు, పని పెరిగేది కౌన్సెలర్‌కు. చివరికి థీసిస్ లైబ్రరీకి చేరుతుంది, కేంద్రంలో ఎవరూ దాన్ని చూడరు. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ ఏటా జూన్‌లోగా అయిదారు ప్రశ్నలు తానే ప్రకటించి, వాటికి ఒకేసారి అనుమతి ఇవ్వాలి. కౌన్సెలర్, డేటా మేనేజర్ల పేర్లు వ్యాసంలో ఉండాలి. ఫోన్లకు, తిరుగుడు ఖర్చులకు డబ్బు ముందే ఇవ్వాలి. ఫలితాలు ఒక పేజీలో, తెలుగులో, మొదట ఏఆర్‌టీ సిబ్బందికీ నెట్‌వర్క్‌కూ అందాకే థీసిస్‌పై సంతకం పెట్టాలి.

— సామాజిక వైద్య అధ్యాపకులు, ఏఆర్‌టీ కౌన్సెలర్లు కొందరు, గుంటూరు