మంచి సినిమా ఓడిపోతే నంది ఇవ్వండి, ఖరీదైన సినిమాకు రేటు పెంపు ఇవ్వకండి: సినిమాటోగ్రఫీ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రివర్యులు శ్రీ కందుల దుర్గేష్ గారికి,

నమస్కారం.

పాలకొల్లు, నరసాపురం మధ్య ఒక ఊళ్లో సినిమా హాలు లీజుకు తీసుకుని నడుపుతున్నాను. ఒకే తెర, ఏసీ, రోజుకు నాలుగాటలు. మీది నిడదవోలు నియోజకవర్గం కాబట్టి గోదావరి జిల్లాల జనానికి సినిమా అంటే ఎంత ప్రాణమో నేను మీకు చెప్పక్కర్లేదు. అడగదలచుకున్నది సూటిగా అడుగుతాను. భారీ బడ్జెట్ సినిమాలకు విడుదలకు ముందే టికెట్ రేటు పెంచుకోమని ఇచ్చే ప్రత్యేక అనుమతులు ఆపండి. ఏళ్ల తరబడి ఆగిపోయిన నంది అవార్డులు మళ్లీ మొదలుపెట్టండి. మీ ఆఫీసులో ఇవి రెండు వేర్వేరు ఫైళ్లు అయి ఉండొచ్చు. బుకింగ్ కౌంటర్ పక్కన కూర్చునే నాకు ఇవి రెండూ ఒకటే సంగతి.

పెద్ద సినిమా తీసినవాళ్లు ప్రభుత్వం దగ్గరకొచ్చి చెప్పేది ఎప్పుడూ ఒకటే. ఖర్చు చాలా అయింది, తెలుగువాళ్ల పేరు నిలబెట్టే సినిమా తీశాం, రేటు పెంచుకోనివ్వండి అని. అప్పటికి ఆ సినిమాను ప్రభుత్వంలో ఎవరూ చూసి ఉండరు. ఖర్చు చూసే అనుమతి ఇస్తారు. 2022 మార్చిలో అప్పటి ప్రభుత్వం తెచ్చిన జీవో 13లో కొలత ఇదే: హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలు పోగా నిర్మాణ వ్యయం వంద కోట్లు దాటాలి, కనీసం 20 శాతం షూటింగ్ మన రాష్ట్రంలో జరగాలి, అప్పుడు మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చు. సినిమా బాగుండాలన్న షరతు అందులో లేదు. ఉండాలన్నా కుదరదు, బాగుందో లేదో తేలేది రిలీజయ్యాకే కదా. అంటే డబ్బు ఎక్కువ పోసిన ప్రతివాళ్లకూ ప్రతిష్ఠ ముందే రాసిచ్చేసి, దాని వెల మా ఊరి ప్రేక్షకుడి దగ్గర వసూలు చేస్తున్నాం.

2025 సంక్రాంతి మీకు గుర్తుండే ఉంటుంది. జనవరి 10న వచ్చిన గేమ్ ఛేంజర్‌కు అర్ధరాత్రి ఒంటిగంట ఆటకు 600 రూపాయలు, తర్వాత రోజుల్లో సింగిల్ స్క్రీన్‌లో టికెట్ మీద 135, మల్టీప్లెక్స్‌లో 175 వరకు పెంచుకోమన్నారు. ఇన్ని రోజులు కుదరదు, పది రోజులకే పరిమితం చేయండని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ సినిమా నిలబడలేదు. నాలుగు రోజుల తేడాతో 14న అదే సంస్థ నుంచి సంక్రాంతికి వస్తున్నాం వచ్చింది. కథ నడిచేది మన రాజమహేంద్రవరంలో, ఖర్చు దాంతో పోలిస్తే చాలా తక్కువ. దానికీ పెంపు ఇచ్చారు, కాదనను. కానీ జనం వచ్చింది ఆ రేటు చూసి కాదు, సినిమా నచ్చి. పెంపు లేకపోయినా అది అలాగే ఆడేది. పెంపు ఎంత ఇచ్చినా మొదటిది ఆడలేదు. ఒకే పండగకు, ఒకే నిర్మాత చేతుల్లో ఇంత స్పష్టంగా లెక్క తేలాక కూడా, జూలైలో హరిహర వీరమల్లు ముందురోజు ప్రీమియర్‌కు మళ్లీ 600. అదీ నిలబడలేదని మీకు తెలుసు. ఏ హీరో, ఏ పార్టీ అన్న ప్రశ్న ఇందులో లేదు. అంతకు ముందు రాధేశ్యామ్, ఆచార్య, శాకుంతలం పడిపోయినప్పుడు ఉన్నది వేరే ప్రభుత్వం.

రేటు పెరిగితే మా హాల్లో ఏం జరుగుతుందో చూపిస్తాను. ఒక పండగ వారం ఫస్ట్ షోకి ఒకాయన భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ, తల్లినీ తీసుకుని ఆటోలో దిగాడు. సార్వా కోతలైపోయి చేతిలో నాలుగు డబ్బులాడే రోజులు. కౌంటర్ దగ్గర "బాల్కనీ ఎంతండీ?" అన్నాడు. మా బుకింగ్ క్లర్క్ చెప్పాడు. "ఎప్పుడూ అంతుండదు కదండీ" అన్నాడు. జీవో వచ్చిందండి, పెరిగింది అన్నాడు మావాడు. టికెట్ మీద నూరు పెరిగితే ఐదుగురికి పెంపు ఒక్కటే ఐదొందలు. ఆయన పక్కకెళ్లి భార్యతో మాట్లాడొచ్చాడు. పిల్లలు కటౌట్ కింద ఫొటో తీయించుకుంటున్నారు. "పదిరోజులు పోయాక తగ్గుద్దాండీ?" అనడిగాడు. తగ్గుద్దండి అన్నాం. "అయితే అప్పుడొస్తాంలెండి, ఆయ్" అని అదే ఆటోలో వెళ్లిపోయారు. పదకొండో రోజుకి మా హాల్లో వేరే సినిమా ఆడుతోంది.

వెనకటి రోజుల్లో రేటు పెంచినా ఇంత నష్టం ఉండేది కాదు. ముందు రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం లాంటి పెద్ద ఊళ్లలో, అంటే 'ఏ' సెంటర్లలో ఆడి, నెలకో రెండు నెలలకో రీళ్ల పెట్టెలు మా దాకా వచ్చేవి. ఆ లోపు మాట ఊరూరా పాకేది. బాగుందన్న సినిమాకి టూరింగ్ టాకీస్‌లో కూడా నేల టికెట్ దొరికేది కాదు. ఇప్పుడు హైదరాబాద్ మాల్‌లోనూ మొగల్తూరులోనూ ఒకే ఉదయం ఆట పడుతోంది. పెద్ద సినిమా అయినా ఆయుష్షు రెండు వారాలు, ఆ తర్వాత నెల తిరక్కుండానే ఫోన్లోకి వచ్చేస్తోంది. ఉన్నవే పది పన్నెండు రోజులు. ఆ పది రోజులూ కుటుంబాలు రాలేని రేటు పెట్టుకుంటే ఇక వచ్చేదెవరు? అభిమానులు మొదటి రోజు వస్తారు. రెండో రోజు నుంచి హాలు నింపాల్సింది ఆ ఆటోలో తిరిగి వెళ్లిపోయినవాళ్లే. సినిమా కాస్త అటూ ఇటూగా ఉన్నా, సరసమైన రేటుంటే ఒకసారి చూసి వెళ్లేవాళ్లు వాళ్లు. రేటు పెంపు సినిమాను కాపాడుతుందన్న నమ్మకం నిర్మాతల్లో ఉంది. మధ్యస్థంగా ఉన్న సినిమాను అదే ముంచుతోందని నా కళ్లతో చూశాను.

పెరిగిన డబ్బు హాలువాళ్లకు వస్తోందని చాలామంది అనుకుంటారు. మొదటి వారం మాకు వచ్చేది అద్దె. కలెక్షన్లు పడిపోయాక మాత్రం అద్దె కాదు, వసూళ్లలో పర్సంటేజీ అంటారు. అంటే జనం ఉన్నప్పుడు మా వాటా పెరగదు, లేనప్పుడు మాత్రం తగ్గుతుంది. ఖాళీ కుర్చీల ముందు ఏసీ వేసినా కరెంటు బిల్లు ఒకటే. జనం తగ్గితే క్యాంటీన్, పార్కింగ్ పడిపోతాయి, మా గేటు దగ్గరి కుర్రాళ్ల జీతాలు వాటి మీదే నడుస్తాయి. 2025 మేలో జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామన్న మాట రాష్ట్రమంతా దుమారం రేపినప్పుడు, ఆ కదలిక మొదట తూర్పుగోదావరి ఎగ్జిబిటర్ల (హాళ్లు నడిపేవాళ్ల) దగ్గరే పుట్టిందన్నారు. మీరు విచారణకు ఆదేశించారు. ఆ మూసివేత మాట తొందరపాటే, నేనూ ఒప్పుకుంటాను. కానీ అది ఎందుకు మన జిల్లాల్లోనే పుట్టిందో కూడా విచారించదగ్గ విషయమే. ఈస్ట్, వెస్ట్ గోదావరి ఏరియాల్లో సినిమా ఆడించుకునే హక్కులు కొనే బయ్యర్లు తిరిగిరాని అడ్వాన్సులు కట్టి, భారీ సినిమా పడిపోయినప్పుడు పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, దొరికినంత తీసుకుని ఇంటికెళ్తున్నారు. నాకు బాగా తెలిసిన ఒకాయన ఈ వ్యాపారమే మానుకుని రొయ్యల చెరువులు వేసుకున్నారు.

ఇప్పుడు అవార్డుల సంగతి. డబ్బు రాకపోయినా అవార్డులైనా వస్తాయి అన్నది ప్రతి భారీ పరాజయం తర్వాతా వినపడే ఓదార్పు. అదీ నిజం కావడం లేదు. 2023 సంవత్సరానికి జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు తెలుగుకు వచ్చినవి చూడండి. ఉత్తమ స్క్రీన్‌ప్లేల్లో ఒకటి బేబీకి. ఉత్తమ గీత రచన బలగంలో పల్లెటూరి పాటకు. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఉత్తమ చిత్రం హనుమాన్, సంక్రాంతికి పెద్ద సినిమాల పక్కన థియేటర్లు దొరక్క ఇబ్బంది పడిన సినిమా అది. గ్రాఫిక్స్ పేరు చెప్పి రేటు పెంపు అడిగే పెద్ద సినిమాలు ఈ ఒక్క అవార్డు ముందు కాసేపు ఆగి ఆలోచించాలి.

అమెరికాలోనూ అంతే. 20 కోట్ల డాలర్లు పెట్టి తీసిన కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్ థియేటర్లలో ఆ డబ్బు రాబట్టలేదు, పది ఆస్కార్ నామినేషన్లలో ఒక్కటీ గెలవలేదు. మరుసటి ఏడాది 60 లక్షల డాలర్ల అనోరా ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు పట్టుకెళ్లింది.

భారీగా తీయడమే తప్పని నేను అనడం లేదు. బాహుబలి భారీగానే తీశారు, ఆడింది, జాతీయ ఉత్తమ చిత్రం అయింది. నాటు నాటుకు ఆస్కార్ వచ్చిన రోజు, మన కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారు వేదిక మీద నిలబడ్డప్పుడు మా హాలు ముందు టపాసులు కాల్చాం. అలాంటి సినిమాలు ఇంకా రావాలి. అవి ఓడిపోయినా బాధపడేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

నిజంగా మంచి సినిమా ఓడిపోతే ప్రభుత్వం ఏం చేయాలన్నదే ఇక్కడ ప్రశ్న. దానికి జవాబు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. 1964 నుంచి ఇచ్చిన నంది ఆ పనే చేసేది. కోనసీమ కొత్తపేటలో పుట్టిన ఏడిద నాగేశ్వరరావు గారు శంకరాభరణం, సాగర సంగమం, స్వాతిముత్యం తీశారు. పసలపూడి వంశీ గారితో ఆయన తీసిన సితారకు మూడు జాతీయ అవార్డులొచ్చాయి. అదే నిర్మాత, అదే కె.విశ్వనాథ్ గారు, పైన చిరంజీవి గారు, కలిసి 1992లో ఆపద్బాంధవుడు తీస్తే ఆడాల్సినంత ఆడలేదు. కలెక్షన్ల లెక్కలో అది పోయిన సినిమా. ప్రభుత్వం మాత్రం దాన్ని పోయిన సినిమాగా చూడలేదు, అందులో నటనకు చిరంజీవి గారికి ఉత్తమ నటుడి నంది ఇచ్చింది. నాగేశ్వరరావు గారు ఆ తర్వాత మరో సినిమా తీయలేదు, నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది అక్కడే. కానీ బాక్సాఫీసు ఇవ్వని గౌరవం ఒకటి రాష్ట్రం ఇచ్చిందని చెప్పుకోవడానికి ఆ నంది ఉంది. ఈ రోజు అలాంటి సినిమా ఎవరైనా తీసి నష్టపోతే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున ఆ మనిషికి చెప్పే మాట ఒక్కటీ లేదు.

2017 నవంబరులో 2014, 2015, 2016 సంవత్సరాలకు కలిపి ఒకేసారి ప్రకటించారు. వివాదాలయ్యాయి. ఆ తర్వాత ఆగిపోయింది. పక్కన తెలంగాణ 2025 జూన్‌లో గద్దర్ పేరుతో అవార్డులు ఇచ్చింది, ఆగిపోయిన పదేళ్ల ఉత్తమ చిత్రాలకూ కలిపి ఇచ్చింది. మనకూ అదే దారి ఉంది. వివాదాలొస్తాయని భయపడి మానేస్తే అవార్డులు ఎప్పటికీ రావు. జ్యూరీ ఒక్కో అవార్డుకు కారణం రాతపూర్వకంగా బయటపెడితే సగం గొడవ అక్కడే సద్దుమణుగుతుంది. రుద్రమదేవికి తెలంగాణలో వినోద పన్ను మినహాయింపు వచ్చి మన దగ్గర రాకపోవడం, తర్వాత గౌతమీపుత్ర శాతకర్ణికి రెండు చోట్లా రావడం, దర్శకుడు గుణశేఖర్ గారు 2017లో బహిరంగంగా ప్రశ్నించాల్సి రావడం మనం చూశాం. కారణం చెప్పకుండా ఒకరికిచ్చి ఒకరికివ్వకపోతే ఎంత పెద్ద సినిమా అయినా మనసు విరిగిపోతుంది.

కాబట్టి నా విన్నపం ఇది. రేటు పెంపు పూర్తిగా ఆపడం ఒకేసారి కుదరదంటే, ముందు గ్రామ పంచాయతీల్లో, నగర పంచాయతీల్లో, చిన్న మున్సిపాలిటీల్లో ఆపండి. విజయవాడ, విశాఖ మల్టీప్లెక్సులకు ఇచ్చే అనుమతి మా ఊరి సింగిల్ స్క్రీన్‌కు వర్తించాల్సిన అవసరం ఏముంది? ఎవరికైనా ఇస్తే, వాళ్లు ప్రభుత్వానికి చూపించిన ఖర్చు లెక్క జీవోతో పాటే జనం ముందు పెట్టండి. నందిలో ఖర్చు, కలెక్షన్ రెండూ జ్యూరీ బల్ల మీదకు రానివ్వకండి. నంది వచ్చిన సినిమాలు, వాటిల్లో ఆడనివి ముఖ్యంగా, ఏటా ఒక వారం పాటు మాలాంటి హాళ్లలో రోజుకో ఆట వేసేలా ఏర్పాటు చేయండి. ఆ ఒక్క ఆటకు హాలు అద్దె ప్రభుత్వం కడితే చాలు, టికెట్ మామూలు రేటుకే అమ్ముతాం. రేటు విని వెనక్కి వెళ్లినవాళ్లు అప్పుడు వస్తారని నాకు నమ్మకం ఉంది.

వచ్చే సంక్రాంతి సినిమాల దరఖాస్తులు మీ ఆఫీసుకు చేరేలోపే ఈ నిర్ణయం జరగాలి. తర్వాతైతే ఎవరో ఒకరు తమ సినిమాకే అన్యాయం జరిగిందంటారు. ఆ లోపు భీమవరంలోనో, అమలాపురంలోనో డెల్టా ఎగ్జిబిటర్లను పిలిచి ఒక పూట కూర్చోండి. రేటు పెంచిన వారాలవి, పెంచని వారాలవి, మా హాలు డైలీ కలెక్షన్ రిపోర్టులన్నీ నా దగ్గర ఉన్నాయి. ఆ పుస్తకాలు పట్టుకుని వస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సినిమా హాలు లీజుదారు,
నరసాపురం ప్రాంతం, పశ్చిమగోదావరి జిల్లా